హెలెన్ కెల్లర్: 19 నెలల వయసులో ప్రాణాంతక జ్వరం.. ఆ తర్వాత 86 ఏళ్ల జీవితం! సినిమాల్లో చూపించని అసలు కథ ఇదీ..

జ్వరం తగ్గింది. ఇంట్లో వాళ్లంతా గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ పాప ఇక ఎప్పటికీ చూడలేదని, వినలేదని ఆ రోజు ఎవరికీ తెలియదు. వైద్యం చేసిన డాక్టర్‌కు కూడా!

ఆ పాపే హెలెన్ కెల్లర్. స్కూల్ పుస్తకాల్లో ఆమె గురించి చదువుకునే ఉంటాం. రాణీ ముఖర్జీ, అమితాబ్ నటించిన 'బ్లాక్' సినిమా కూడా ఆమె జీవితం స్ఫూర్తితో వచ్చిందే. చూపు, వినికిడి రెండూ లేని చిన్నారికి ఒక టీచర్ మాటలు నేర్పింది, పంపు నీళ్ల కింద చెయ్యి పెట్టగానే అంతా అర్థమైపోయింది.. మనకు తెలిసిన కథ దాదాపు ఇంతే.

అయితే పంపు దగ్గర నిలబడేటప్పటికి హెలెన్‌కు ఇంకా ఏడేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత ఆమె 81 ఏళ్లు బతికారు. ఆ 81 ఏళ్లు ఎలా గడిచాయి? డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పెళ్లి ఎందుకు కాలేదు? చెయ్యి పట్టుకుని నడిపించిన టీచర్ చనిపోయాక ఏమైంది? చిన్నప్పుడు పెద్ద ఇన్ఫెక్షన్ నుంచి బయటపడిన పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చేది ఈ రెండో కథే.

అసలు ఆ జబ్బు ఏంటి?

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కంబియా అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో కెప్టెన్‌గా చేశారు. తర్వాత ఊళ్లో పత్రిక నడిపేవారు. తల్లి కేట్. ఏడాది నిండేసరికి హెలెన్ నడిచేసింది. చిన్న చిన్న మాటలు కూడా వచ్చాయి. నీళ్లను వచ్చీరాని మాటల్లో ఏదో పేరు పెట్టి అడిగేది.

1882 ఫిబ్రవరిలో జబ్బు చేసింది. కడుపులోనూ, మెదడులోనూ రక్తం పోటెత్తిందని అప్పటి డాక్టర్ చెప్పారు. ఆ రోజుల్లో అలాంటి పేర్లే ఉండేవి. యాంటీబయాటిక్స్ లేవు. ఏ సూక్ష్మజీవి ఏ జబ్బు తెస్తుందో అప్పుడప్పుడే కనుక్కుంటున్న కాలం. పాప బతకడం కష్టమనే అనుకున్నారు. కానీ జ్వరం ఎంత హఠాత్తుగా వచ్చిందో అంతే హఠాత్తుగా దిగిపోయింది.

చాలా ఏళ్ల పాటు దీన్ని స్కార్లెట్ ఫీవర్ అని చెప్పుకుంటూ వచ్చారు. అయితే 2018లో ఒక వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ మరో మాట చెప్పింది. ఆ లక్షణాలను, ఆ తర్వాతి పరిణామాలను బట్టి చూస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెనింజైటిస్ అయి ఉండే అవకాశం ఎక్కువని వివరించింది. మెనింజైటిస్ అంటే మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే పొరలకు వచ్చే ఇన్ఫెక్షన్. ప్రాణం తీయగలదు. ప్రాణం దక్కినా వినికిడినీ, చూపునూ, జ్ఞాపకశక్తినీ దెబ్బ తీయగలదు. ఇందులో వినికిడి పోవడం ఎక్కువగా కనిపిస్తుంది.

ఏడేళ్ల దాకా ఏం జరిగింది?

ఈ ఐదేళ్ల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. కానీ పిల్లల మనసుకు జబ్బు మిగిల్చే దెబ్బ ఇక్కడే కనిపిస్తుంది.

హెలెన్‌కు భాష పోయింది కానీ తెలివి పోలేదు. అమ్మ కావాలన్నా, బ్రెడ్ కావాలన్నా, ఐస్‌క్రీమ్ కావాలన్నా చేతులతో, ఒంటితో సైగలు చేసేది. ఇలాంటి సొంత సైగలు 60 దాకా ఉండేవి. వంటమనిషి కూతురు మార్తా వాషింగ్టన్ ఆమెకు నేస్తం. ఇంట్లో అందరికంటే ఆ చిన్న పిల్లకే హెలెన్ సైగలు బాగా అర్థమయ్యేవి.

మిగతావాళ్లు పెదాలు కదిపి ఏదో చేస్తున్నారని చేత్తో తడిమి తెలుసుకుంది. తనూ పెదాలు కదిపింది. ఏమీ జరగలేదు. దాంతో కోపం. కాళ్లతో తన్నడం, అలిసిపోయే దాకా అరవడం. ఒకసారి తాళంచెవి వాడటం కనిపెట్టి అమ్మను సామాన్ల గదిలో పెట్టి తాళం వేసేసింది. ఆమె మూడు గంటలు లోపలే ఉండిపోయింది. ఇంకోసారి తన బొమ్మ ఉయ్యాలలో చెల్లి మిల్డ్రెడ్ పడుకుని ఉందని తెలిసి ఉయ్యాలను బోర్లా తిప్పేసింది. పాప కింద పడకుండా తల్లి పట్టుకుంది. మరోసారి తడిసిన బట్ట ఆరబెట్టుకుందామని మంటకు దగ్గరగా వెళితే ఒంటి మీది బట్టలకు నిప్పంటుకుంది. ఆయా దుప్పటి కప్పి ఆర్పింది.

బంధువులు ఇది పిచ్చి అనుకున్నారు. ఇప్పటికీ మన ఊళ్లలో జ్వరం తర్వాత మాట రాని పిల్లలను చూసి మొండిఘటం అనో, మందబుద్ధి అనో అనేస్తుంటారు. చెవులు వినపడుతున్నాయా లేదా అని ముందు చూసేవాళ్లు తక్కువ. ఆ మొండితనం వెనక ఉన్నది చెప్పుకోలేని బాధ అని హెలెన్ బాల్యం చెబుతోంది.

తల్లి చదివిన ఒక పుస్తకం.. దారి చూపిన మరో అమ్మాయి

1886లో కేట్ కెల్లర్ చార్లెస్ డికెన్స్ రాసిన అమెరికా యాత్రా పుస్తకం చదివింది. అందులో లారా బ్రిడ్జ్‌మన్ అనే అమ్మాయి గురించి ఉంది. 1829లో పుట్టిన లారాకు రెండేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. తోబుట్టువులు ఆ జ్వరానికే చనిపోయారు. లారా బతికింది. కానీ చూపు, వినికిడి, వాసన అన్నీ పోయాయి. రుచి కూడా దాదాపు పోయింది. బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో డాక్టర్ శామ్యూల్ హోవ్ ఆమెకు చదువు నేర్పారు. ఆమె ప్రపంచ ప్రసిద్ధురాలైంది. చూడటానికి జనం బారులు తీరేవారు.

కానీ లారా కథలో రెండో భాగం ఎవరూ పెద్దగా చెప్పరు. చదువైపోయాక ఆమెను ఇంటికి పంపారు. పొలం పనుల్లో తలమునకలైన ఆ ఇంట్లో ఆమె చేతిలో మాటలు రాసేంత తీరిక ఎవరికుంటుంది? బెంగపెట్టుకుని చిక్కిపోయింది. ప్రాణం మీదికి వచ్చింది. చివరికి దాతలు డబ్బు పోగుచేసి ఆమె పెర్కిన్స్‌లోనే ఉండేలా ఏర్పాటు చేశారు. కుట్లు, అల్లికలు చేసుకుంటూ 1889లో చనిపోయే దాకా ఎక్కువ కాలం అక్కడే గడిపింది. బయటి ప్రపంచం అప్పటికే ఆమెను మర్చిపోయింది.

ఒకటి గమనించండి. లారాకు చదువు దొరికింది. కానీ చదువు ఒక్కటే సరిపోలేదు. రోజూ మాట్లాడే మనిషి లేనప్పుడు ఆరోగ్యం కూడా పాడైంది.

కేట్ కెల్లర్ చదివింది మాత్రం మొదటి సగమే. ఆశ పుట్టింది. హెలెన్‌ను బాల్టిమోర్‌లో కంటి డాక్టర్‌కు చూపించారు. చూపు రాదని ఆయన తేల్చేశారు. అయితే చదువు చెప్పించవచ్చంటూ వాషింగ్టన్‌లో ఉన్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ దగ్గరికి పంపారు. అవును, టెలిఫోన్ బెల్ ఆయనే. ఆయన తల్లికి, భార్యకు కూడా వినికిడి లేదు. బెల్ పెర్కిన్స్‌కు ఉత్తరం రాయమన్నారు. అక్కడి నుంచి వచ్చిన టీచరే ఆనీ సలివన్.

టీచర్ కూడా ఇన్ఫెక్షన్ బాధితురాలే!

1887 మార్చి 3న ఆనీ టస్కంబియాలో దిగేసరికి ఆమె వయసు 20 ఏళ్లే. ఐదేళ్ల వయసులో ట్రకోమా అనే కంటి ఇన్ఫెక్షన్‌తో చూపు చాలావరకు పోగొట్టుకుంది. తల్లి చనిపోయింది, తండ్రి వదిలేశాడు. తమ్ముడు జిమ్మీతో కలిసి టూక్స్‌బరీలోని పేదల ఆశ్రమంలో పడింది. తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. 14 ఏళ్ల వయసులో పెర్కిన్స్‌లో చేరింది. ఆపరేషన్ల తర్వాత కొంత చూపు వచ్చింది. లారా బ్రిడ్జ్‌మన్‌తో కబుర్లు చెప్పడం కోసమే వేళ్లతో అక్షరాలు రాసే పద్ధతి నేర్చుకుంది. అంటే లారా నుంచి ఆనీకి, ఆనీ నుంచి హెలెన్‌కు.. ముగ్గురూ చిన్నప్పుడు ఇన్ఫెక్షన్ దెబ్బ తిన్నవాళ్లే.

హెలెన్ కోసం ఆనీ తెచ్చిన బొమ్మకు బట్టలు కుట్టింది కూడా లారానే. ఆ బొమ్మ చేతికిచ్చి, అరచేతిలో వేళ్లతో దాని పేరు రాసింది ఆనీ. హెలెన్‌కు అది ఆటలా అనిపించింది కానీ పేరని తెలియలేదు.

మొదటి వారాలు యుద్ధమే. హెలెన్ అందరి పళ్లేల్లో చెయ్యి పెట్టి తినేది. జాలితో ఎవరూ వద్దనేవారు కాదు. ఆనీ ఒప్పుకోలేదు. పెనుగులాటలో ఆనీకి దెబ్బలు తగిలాయి. చివరికి ఇంటి ఆవరణలోనే ఉన్న చిన్న ఇంట్లో ఇద్దరూ రెండు వారాలు విడిగా ఉన్నారు. జాలి పక్కన పెట్టి, మామూలు పిల్లతో ఎలా ఉంటామో అలా ఉండటమే ఆనీ చేసిన మొదటి వైద్యం.

1887 ఏప్రిల్ 5న చేతిపంపు దగ్గర ఆ సంఘటన జరిగింది. ఒక చేతి మీద చల్లటి నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో ఆనీ ఆ మాట రాసింది. 19 నెలల వయసులో హెలెన్ నోట పలికిన కొన్ని మాటల్లో నీళ్లు ఒకటి కదా? అదే మళ్లీ మొదటి మాట అయింది. ఆ రోజు సాయంత్రానికి సుమారు 30 మాటలు నేర్చేసుకుంది.

సినిమాలన్నీ ఇక్కడే క్లైమాక్స్‌కు వస్తాయి. కానీ నిజజీవితంలో కష్టమంతా దీని తర్వాతే.

11 ఏళ్లకే విచారణ.. ఏళ్ల తరబడి అనుమానం

హెలెన్ వేగంగా నేర్చుకుంది. బ్రెయిలీ, లెక్కలు, భూగోళం ఏదీ వదల్లేదు. పత్రికలు అద్భుత బాలిక అంటూ రాశాయి. పెర్కిన్స్ డైరెక్టర్ అనాగ్నోస్ పుట్టినరోజుకు ఆమె మంచు రాజు అంటూ ఒక కథ రాసి పంపింది. అది అచ్చయింది కూడా. తీరా చూస్తే మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి అంతకుముందే రాసిన కథకు చాలా దగ్గరగా ఉంది. ఎప్పుడో ఎవరో తన చేతిలో చెప్పిన కథ మనసులో ఉండిపోయి, సొంత ఆలోచనలా బయటికి వచ్చింది. ఆమెకు ఆ తేడా తెలియలేదు.

అంతే, స్కూల్ అధికారుల బృందం విచారణకు కూర్చుంది. ఆనీని గదిలోంచి బయటికి పంపి మరీ ఆ చిన్నపిల్లను ప్రశ్నించారు. శిక్ష ఏమీ పడలేదు. కానీ తను రాసేది తనదేనా, ఎవరిదో గుర్తొచ్చి రాస్తున్నానా అనే భయం చాలా ఏళ్లు ఆమెను వెంటాడింది. ప్రపంచమంతా ఇంకొకరి చేతి ద్వారానే తెలిసే మనిషికి ఇది చిన్న గాయం కాదు.

1890లో మాట నేర్చుకోవడం మొదలుపెట్టింది. టీచర్ ముఖం మీద వేళ్లు పెట్టి నాలుక, పెదాలు ఎలా కదులుతున్నాయో తడిమి చూసి పలికేది. దశాబ్దాల పాటు సాధన చేసింది. అయినా మాట కొత్తవాళ్లకు స్పష్టంగా అర్థమయ్యేది కాదు. సభల్లో ఆమె మాట్లాడిన ప్రతి వాక్యాన్నీ పక్కనున్నవాళ్లు మళ్లీ చెప్పాల్సి వచ్చేది. జీవితాంతం తీరని లోటుగా ఆమె దీన్నే చెప్పుకున్నారు.

కాలేజీ సీటు.. ఫీజు ఎవరు కట్టారు?

1900లో హార్వర్డ్‌కు అనుబంధంగా మహిళల కోసం నడిచే రాడ్‌క్లిఫ్ కాలేజీలో సీటు వచ్చింది. అక్కడికి చేరడం కూడా తేలిగ్గా జరగలేదు. 1896లో తండ్రి చనిపోయారు. అప్పటికే ఇంట్లో డబ్బుల్లేవు. మరోపక్క కాలేజీకి సిద్ధం చేస్తున్న స్కూల్ ప్రిన్సిపాల్, హెలెన్‌ను ఆనీ నుంచి విడదీయాలని చూశారు. చివరి నిమిషంలో తల్లి అడ్డుపడటంతో ఆగింది.

రచయిత మార్క్ ట్వైన్ ఆమె స్నేహితుడు. ఆయన చెప్పడంతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి చెందిన కోటీశ్వరుడు హెన్రీ రోజర్స్ చదువు ఖర్చు పెట్టుకున్నారు. క్లాసులో లెక్చరర్ చెప్పేదంతా ఆనీ పక్కనే కూర్చుని హెలెన్ చేతిలో రాసేది. బ్రెయిలీలో లేని పుస్తకాలను కూడా చదివి అలాగే వినిపించేది. అసలే బలహీనంగా ఉన్న ఆనీ కళ్లు దీంతో మరింత దెబ్బతిన్నాయి. ఒకరి జీవితం నిలబడటానికి ఇంకొకరు ఎంత ఇచ్చుకున్నారో చూడండి.

చదువుకుంటూనే 1903లో ఆత్మకథ రాసింది. 1904లో డిగ్రీ అందుకుంది. చూపు, వినికిడి రెండూ లేకుండా బీఏ పూర్తి చేసిన తొలి వ్యక్తి ఆమే.

చిన్నప్పటి ఫొటోలు చూస్తే ఎక్కువగా ఒక పక్క నుంచే తీసినట్టు కనిపిస్తాయి. ఎడమ కన్ను బయటికి పొడుచుకు వచ్చినట్టు ఉండేది కాబట్టే అలా తీసేవారు. 30 ఏళ్లు దాటాక రెండు కళ్లూ తీయించి గాజు కళ్లు పెట్టించుకున్నారు. 19 నెలల వయసులో వచ్చిన జబ్బుకు 30 ఏళ్ల తర్వాత కూడా ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చింది!

స్టేజీ షోలు ఎందుకు చేశారు?

డిగ్రీ చేతికి వచ్చింది సరే, తిండి ఎలా? పుస్తకాల మీద వచ్చేది చాలదు. దీనికి తోడు ఆమె 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. కార్మికుల తరఫున, మహిళల ఓటు హక్కు కోసం, యుద్ధానికి వ్యతిరేకంగా రాశారు. అంతకుముందు మెచ్చుకున్న పత్రికలే అప్పుడు ఆమె వైకల్యాన్ని ఎత్తిచూపాయి. స్ఫూర్తి కథగా ఉన్నంత కాలం బాగున్న మనిషి, సొంత అభిప్రాయం చెప్పగానే కొందరికి నచ్చలేదు.

పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ పింఛన్ ఇస్తానంటే మొదట వద్దన్నారు. తర్వాత ఇబ్బందులు ముదరడంతో 1913లో ఒప్పుకున్నారు. అదీ చాలలేదు. 1919లో ఆమె జీవితం మీద తీసిన సినిమాలో స్వయంగా కనిపించారు. అది ఆడలేదు. 1920 నుంచి సుమారు నాలుగేళ్లు వోడ్విల్ స్టేజీ ఎక్కారు. అంటే పాటలు, గారడీలు, జంతువుల ఆటలు అన్నీ కలిపి నడిచే వినోద ప్రదర్శన. అందులో 20 నిమిషాలు హెలెన్, ఆనీ వచ్చి తమ కథ చెప్పేవారు. తర్వాత జనం ప్రశ్నలు అడిగేవారు. చాలామంది ముక్కున వేలేసుకున్నారు. హెలెన్ మాత్రం ఆ పని ఇష్టంగానే చేశారు. జనం చప్పట్లు ఆమెకు నేల అదురుగా పాదాలకు తెలిసేవి. ముఖ్యంగా అది దానం కాదు, సొంత సంపాదన. తను పోయాక ఆనీ ఏమవుతుందో, ఆనీ పోతే తనేమవుతుందో అనే దిగులు ఆ సంపాదన వెనక ఉంది.

1924 నుంచి అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ సంస్థలో పనిచేయడం మొదలుపెట్టారు. దాదాపు 40 ఏళ్ల పాటు అదే ఆమె ఉద్యోగం. అక్కడి నుంచి ఆర్థికంగా స్థిరపడ్డారు.

జరగని పెళ్లి

1916లో హెలెన్‌కు 36 ఏళ్లు. ఆనీకి ఒంట్లో బాగాలేకపోవడంతో పీటర్ ఫాగన్ అనే యువ జర్నలిస్టు తాత్కాలిక సెక్రటరీగా వచ్చారు. చేతిలో అక్షరాలు రాయడం, బ్రెయిలీ నేర్చుకున్నారు. ఇద్దరూ ప్రేమించుకున్నారు. బోస్టన్‌లో పెళ్లి లైసెన్స్‌కు దరఖాస్తు కూడా చేశారు. విషయం పేపర్లో వచ్చింది. తల్లి మండిపడింది. ఫాగన్‌ను ఇంట్లోంచి పంపేశారు. ఇద్దరూ కలిసి వెళ్లిపోవాలని వేసుకున్న ప్లాన్ కూడా కుదరలేదు. ఆమె ఇక పెళ్లి చేసుకోలేదు.

డిగ్రీ చదివి, పుస్తకాలు రాసి, దేశమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చిన మహిళ. కానీ పెళ్లి విషయంలో ఆమె నిర్ణయాన్ని ఇంట్లోవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ల దృష్టిలో ఆమె ఇంకా కాపాడాల్సిన పిల్లే. ఆ ప్రేమను చీకటి నీళ్ల మధ్య చిన్న ఆనందద్వీపం లాంటిదిగా ఆమె తర్వాతి పుస్తకంలో గుర్తుచేసుకున్నారు. చిన్నప్పటి జబ్బు నుంచి బయటపడినవాళ్లు పెద్దయ్యాక బాగున్నారా అని అడిగేటప్పుడు ఈ ప్రశ్న కూడా అడగాలి. వాళ్ల జీవితం గురించి నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు?

పసికందుల కళ్ల కోసం పోరాటం.. ఒక చేదు నిజం కూడా

తనకు వచ్చిన జబ్బును ఆపే దారి ఆ రోజుల్లో లేదు. కానీ ఆపగలిగే అంధత్వం మరొకటి ఉందని హెలెన్‌కు తెలిసింది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డ కళ్లకు సోకే ఇన్ఫెక్షన్ అది. పుట్టగానే కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే చాలావరకు ఆగిపోతుంది. కానీ అది సుఖవ్యాధితో ముడిపడిన విషయం కావడంతో మర్యాదస్థుల ఇళ్లలో ఎత్తడానికే జంకేవారు. హెలెన్ 1907లోనే ఆడవాళ్లు చదివే ఒక ప్రముఖ పత్రికలో దీని గురించి రాశారు.

1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ క్లబ్ మహాసభలో మాట్లాడారు. అంధత్వం మీద పోరాటాన్ని మీ పనిగా పెట్టుకోండని అడిగారు. క్లబ్ ఒప్పుకుంది. ఇవాళ మన తెలుగు ఊళ్లలో లయన్స్ క్లబ్ పేరుతో కంటి శిబిరాలు, కంటి ఆస్పత్రులు కనిపిస్తున్నాయంటే దాని మూలం ఆ సభలోనే ఉంది. కాటరాక్ట్ ఆపరేషన్‌కు ఆ శిబిరానికి వెళ్లిన మన తాతమ్మలకు హెలెన్ పేరు తెలియకపోవచ్చు!

అయితే ఆమె జీవితంలో సమర్థించలేని ఘట్టం కూడా ఉంది. 1915లో షికాగోలో తీవ్ర లోపాలతో పుట్టిన ఒక శిశువుకు ఆపరేషన్ చేయకుండా వదిలేసిన డాక్టర్‌ను సమర్థిస్తూ ఆమె రాశారు. ఎవరు బతకాలో డాక్టర్లు తేల్చాలన్న వాదన అది. అప్పట్లో చదువుకున్నవాళ్లలో ఆ ఆలోచనలు బాగా వ్యాపించి ఉండేవి. కానీ అదే తూకం 1882లో టస్కంబియాలో వేసి ఉంటే హెలెన్ కూడా మిగిలేది కాదేమో అనిపించక మానదు.

ఆనీ పోయింది.. ఇక హెలెన్ పని అయిపోయిందన్నారు

1936 అక్టోబర్ 20న ఆనీ చనిపోయారు. అప్పటికి ఆమె చూపు దాదాపు పూర్తిగా పోయింది. చివరి క్షణాల్లో ఆమె చెయ్యి హెలెన్ చేతిలోనే ఉంది. 49 ఏళ్ల బంధం. ఆనీ లేకుండా హెలెన్ లేదని అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

కానీ లారాకు, హెలెన్‌కు తేడా ఇక్కడే వచ్చింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన పాలీ థామ్సన్ 1914 నుంచే ఆ ఇంట్లో ఉంటున్నారు. చేతి అక్షరాలు నేర్చుకున్నారు, ప్రయాణాలు, లెక్కలు అన్నీ చూసుకున్నారు. అంటే మొదటి చెయ్యి జారిపోకముందే రెండో చెయ్యి సిద్ధంగా ఉంది. వెనక ఉద్యోగం ఉంది, ఒక సంస్థ ఉంది.

దీంతో ఆమె బయటి జీవితం ఆగలేదు. 1937లో జపాన్ వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు, వినికిడి కోల్పోయిన సైనికులను ఆస్పత్రులకు వెళ్లి పలకరించారు. 1948లో హిరోషిమా, నాగసాకిలో బాంబు దాడి బాధితులను కలిశారు. మొత్తం 39 దేశాలు తిరిగారు.

1955లో 74 ఏళ్ల వయసులో మన దేశానికీ వచ్చారు. ఐదు నెలల్లో సుమారు 40 వేల మైళ్లు సాగిన ఆసియా పర్యటన అది. ప్రధాని నెహ్రూను కలిశారు. ఎదుటివారి గొంతు మీద బొటనవేలు, పెదాల మీద చూపుడువేలు, ముక్కు పక్కన మధ్యవేలు ఉంచి మాటను గ్రహించడం ఆమె పద్ధతి. అంతకుముందే 1930లో న్యూయార్క్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్‌ను కలిశారు.

1957లో పాలీకి పక్షవాతం వచ్చింది. 1960లో ఆమె కూడా పోయారు. తర్వాత విన్నీ కార్బల్లీ అనే నర్సు చూసుకున్నారు. 1961లో హెలెన్‌కూ స్ట్రోక్ రావడంతో బయటి జీవితం ఆగిపోయింది. 1964లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ప్రకటించారు. 1968 జూన్ 1న కనెక్టికట్‌లోని ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. 88వ పుట్టినరోజుకు నాలుగు వారాలు కూడా లేదు. వాషింగ్టన్ నేషనల్ కెథెడ్రల్‌లో ఆనీ, పాలీ చితాభస్మం పక్కనే ఆమెదీ ఉంచారు.

మన ఇళ్లకు ఈ కథ ఏం చెబుతోంది?

మెనింజైటిస్ ఇప్పటికీ ఉంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ నుంచి బతికి బయటపడినవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక సమస్య మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే 1882లో లేనివి ఇవాళ ఉన్నాయి.

మొదటిది టీకాలు. మెనింజైటిస్ తెచ్చే రెండు ముఖ్యమైన బ్యాక్టీరియాల నుంచి కాపాడే పెంటావాలెంట్, పీసీవీ టీకాలు అంగన్‌వాడీల్లో, పీహెచ్‌సీల్లో ఉచితంగా వేస్తున్నారు. డోసులు మధ్యలో వదిలేయకూడదు.

రెండోది వినికిడి పరీక్ష. మెనింజైటిస్ తగ్గిన పిల్లలకు డిశ్చార్జ్‌కు ముందే, లేదంటే నాలుగు వారాల్లోపు ఈ పరీక్ష చేయించాలి. పిలిస్తే పలుకుతున్నాడులే అని ఊరుకోవద్దు. ఎందుకంటే ఈ జబ్బు తర్వాత చెవి లోపలి భాగం గట్టిపడిపోవచ్చు. అలా గట్టిపడ్డాక కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం కష్టమవుతుంది. ఇక్కడ వారాలు కూడా లెక్కే. ఉమ్మడి ఏపీలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద చిన్నపిల్లలకు ఈ సర్జరీలు చేశారు. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో అడగాలి.

మూడోది తర్వాతి ఏళ్లు. జ్వరం తగ్గిన రెండు మూడేళ్లకు, స్కూల్లో చేరాక కూడా ఇబ్బందులు బయటపడొచ్చు. చదువులో వెనకబడటం, మతిమరుపు, ఊరికే కోపం లాంటివి. పాత జబ్బు గురించి టీచర్‌కు, డాక్టర్‌కు చెప్పాలి. ఆస్పత్రి కాగితాలు దాచాలి. జిల్లా స్థాయిలో డీఈఐసీలు, మండలాల్లో భవిత కేంద్రాలు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చూపు, వినికిడి రెండూ లేకపోవడాన్ని కూడా గుర్తించింది. సదరం సర్టిఫికెట్ తీసుకుంటే పింఛన్ లాంటి వాటికి దారి ఉంటుంది.

నాలుగోది, అందరూ వాయిదా వేసేది. ఇప్పుడు చూసుకుంటున్న అమ్మ తర్వాత ఎవరు? హెలెన్‌కు ఆనీ ఉండగానే పాలీ వచ్చింది. లారాకు ఆ ఏర్పాటు ఆలస్యమైంది. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో అమ్మ ఒక్కతే మొత్తం మోస్తుంటుంది. అన్నదమ్ములో, అక్కాచెల్లెళ్లో, మేనత్తో, పక్కింటి పిల్లో.. ఇంకొకరైనా ఆ బిడ్డతో మాట్లాడే పద్ధతి ఇప్పుడే నేర్చుకోవాలి.

హెలెన్ ప్రాణం నిలిచింది ఒక్క రాత్రిలో. ఆ ప్రాణానికి ఒక జీవితం దక్కడానికి మాత్రం 86 ఏళ్ల పాటు ఎవరో ఒకరు చెయ్యి అందిస్తూనే ఉన్నారు.